తలుపు దాకా

పదహారోసారి కూడా కుదరలేదు.

అడుగులమ్మ చెక్క పలక మీంచి దిగి, కాళ్ళకున్న మగవాళ్ళ బూట్లు విప్పి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ముప్పై నాలుగేళ్ళుగా సినిమాల్లో మనుషులకి నడకలు ఇస్తున్న మనిషి ఆమె. తెర మీద పోలీసులు పరిగెత్తుతారు, కోడళ్ళు మెట్లు దిగుతారు, దొంగలు గోడ దూకుతారు. చప్పుడు మాత్రం ఈమె కాళ్ళది. అసలు పేరు రికార్డింగు వాళ్ళెవరికీ గుర్తు లేదు. జీతం కాగితం మీద చూసినప్పుడు ఆమెకే ఎవరిదో పేరులా ఉంటుంది.

ఆ గది నేలంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఒక గడిలో చెక్క, ఒక గడిలో బండ, ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో గులకరాళ్ళు. గోడ వారన అలమారాలో నూట పది జతల చెప్పులు. గదికి రెండో పక్కన పెద్ద బల్ల ఒకటి ఉంది. దాని మీద గొళ్ళేలు, తాళాలు, విరిగిన గొడుగు, తోలు సంచులు, గాజు గ్లాసులు. అది అక్క బల్ల. కాలి పని చెల్లెలిది, చేతి పని అక్కది. ఆ బల్ల మీద దుప్పటి కప్పి పదకొండు నెలలైంది.

"అమ్మా, బాగుంది. కానీ అది కాదు." గాజు అద్దం అవతల నుంచి దర్శకుడి గొంతు స్పీకర్లో వచ్చింది.

"ఏది కాదు నాయనా? ఏం కావాలో చెప్పు, అదే వేస్తాను."

"గైడ్‌లో ఉందే, ఆ నడక. ఎడిటింగ్ చేసినన్నాళ్ళూ అదే విన్నాం. ఇప్పుడింకేం విన్నా చెవికెక్కడం లేదు."

గైడ్ అంటే ఎడిటింగ్ సాగడానికి తాత్కాలికంగా అతికించుకునే చప్పుడు. అసలుది రాగానే పీకి పారెయ్యాలి. కానీ దర్శకులు అద్దె ఇంట్లో దిగినట్టు దాంట్లో దిగి, గోడలకి మేకులు కొట్టుకుని, ఇక కదలం అంటారు.

"అంత నచ్చితే దాన్నే ఉంచుకోవచ్చుగా!"

"ఉంచుకుందును. దాని వెనకాల ఏదో మిషన్ మోత ఉంది. పెద్ద హాల్లో బొంయ్‌మంటుంది. పోవడం లేదు."

"మా చెల్లెమ్మ కాళ్ళకి పదిహేడోసారి పూజ చేయించకండి సార్, ముసలి కాళ్ళు," అన్నాడు రికార్డిస్టు. ఆయనకీ అరవై దాటాయి. ఆమెని చెల్లెమ్మా అంటాడు, ఆమె అన్నా అంటుంది. ఇద్దరికీ చుట్టరికం ఆ గాజు అద్దమే.

"నీ చెవులేమైనా లేతవా అన్నా? ఇంకోసారి చూపించండి."

గదిలో దీపాలు ఆరాయి.

సినిమా మొదటి మూడు నిమిషాలు అది. పదకొండు సెకన్లు తెర మీద ఏమీ ఉండదు, వట్టి నలుపు. బొమ్మ కంటే ముందు చప్పుడు వస్తుంది. పళ్ళలో నొప్పి పుట్టించే సన్నటి గుయ్‌మనే మోత. తర్వాత తెర అడుగున వెలుగు గీత ఒకటి. అది తలుపు కింది సందని తెలియడానికి కాసేపు పడుతుంది. కెమెరాని నేలకి ఆనించి పెట్టారు, ఎవరో చెంప నేల మీద పెట్టుకుని చూస్తున్నట్టు. రంగులన్నీ పిండేశారు. గిన్నెలు కడిగిన నీళ్ళలాంటి నీలం ఒక్కటే మిగిలింది. నేల మీద ఒక గ్లాసు, అందులో నీళ్ళు. మనిషి లేడు, మొహం లేదు. అప్పుడు అడుగులు మొదలవుతాయి. ఒకటి గట్టిగా, ఒకటి ఈడుస్తూ. దగ్గరికొస్తాయి. గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. వెలుగు గీత రెండు చోట్ల తెగుతుంది, రెండు పాదాల నీడలు. ఆగుతాయి. అంతే, గుయ్‌మనే మోతతో సహా అన్నీ ఒక్కసారి చచ్చిపోతాయి. ఆ నిశ్శబ్దం మీద సినిమా పేరు పడుతుంది.

"హంతకుడి నడక అది," అన్నాడు దర్శకుడు దీపాలు వెలిగాక. "వాడి మొహం చివరిదాకా చూపించను. జనానికి వాడి గురించి తెలిసేది ఆ నడకొక్కటే. రెండు గంటల తర్వాత మళ్ళీ వినబడగానే గుండె జారి అరికాళ్ళలోకి రావాలి."

అక్క కూడా ఇలాగే అనేది. 'చూపిస్తే భయానికి ఒక సైజు వచ్చేస్తుందే. వినిపించామనుకో, ఎవడి భయం వాడు తన కొలతకి కుట్టుకుంటాడు.'

అడుగులమ్మ తల గోక్కుంది. ఆ నడకలో ఏదో తేడా ఉంది. మడమ పడుతోంది, ముందుపాదం పడుతోంది, కానీ మనిషి బరువు పడటం లేదు.

"ఇది ఎక్కడిదే?" అని అడిగింది.

అడిగింది అక్క కూతుర్ని. ఈ సినిమా శబ్దం బాధ్యతంతా ఆ పిల్లదే. పిల్ల అంటే ముప్పై మూడేళ్ళు. పొద్దుటి నుంచి అద్దం అవతల మూల కుర్చీలో కూర్చుని, ఒళ్ళోని కంప్యూటర్లోంచి తలెత్తలేదు.

"ఎక్కడో పాత సౌండ్ లైబ్రరీలోది పిన్నీ."

"ఎవరు నడిచారో!"

"తెలీదు," అంది, ఇంకా తలెత్తకుండానే. "రేపు చూద్దాంలే. ఇంటికెళ్ళు."

*

ఇంటికొచ్చేసరికి ఇంకా పొద్దు వాలలేదు. ఆ ఇంట్లో ఒకప్పుడు ముగ్గురు, ఇప్పుడు ఇద్దరు. అక్క కూతురు మిక్సింగ్ ముగించుకుని వచ్చేసరికి ఎలాగూ ఆలస్యమవుతుంది. అడుగులమ్మ తన ఒక్కదానికీ అన్నం పెట్టుకుని తిని, కంచం కడిగి, వంటింటి బండ మీద బోర్లించింది. చెయ్యి అక్కడే ఆగింది. ఆ నడక చెవిలోంచి పోవడం లేదు.

బరువు లేని కాలు ఏమిటి?

చూపుడు వేలు, నడిమి వేలు కంచం అడుగున ఆనించింది. గోరు మడమ, వేలి కండ ముందుపాదం. అక్క పిల్లుల్నీ, మరుగుజ్జుల్నీ, పిల్లల సినిమాల్లో బొమ్మల్నీ ఇలాగే నడిపించేది. ఆమె వేళ్ళు బల్ల మీద నడుస్తుంటే రికార్డిస్టు పని మానేసి చూసేవాడు.

టక్. సర్ర్. టక్. సర్ర్.

అదే. కాలు కాదు, వేలు. వేళ్ళ చప్పుడుని సాగదీసి, లావు చేసి, మగవాడి బూట్లలా మార్చారు. అందుకే పదహారుసార్లూ కుదరలేదు.

కనిపెట్టేశానన్న సంతోషం వచ్చింది. నవ్వుకుంటూ, సాగదీయక ముందు ఎలా ఉండేదో చూద్దామని వేళ్ళ వేగం పెంచింది. టక్ సర్ర్ టక్ సర్ర్ టక్ సర్ర్.

నవ్వు మొహం మీదే నిలిచిపోయింది.

ఆరేళ్ళ క్రితం బండ గడిలో జారిపడిన దగ్గర్నుంచి ఆమె ఎడమ మడమ పూర్తిగా లేవదు. పనిలో ఎవరి నడకైనా నడుస్తుంది గానీ తన నడక ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. పట్టించుకున్నది అక్క. ఈమె సంచీలు మోసుకుని మూడంతస్తుల మెట్లెక్కి వస్తుంటే, లోపల అక్క చేతికి ఏది దొరికితే దాని మీద, కంచమో, కిటికీ చువ్వో, డబ్బా మూతో, రెండు వేళ్ళతో ఆ నడకని వాయించేది. ఈమె మెట్ల మీద, ఆమె లోపల. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి రెండూ కలిసిపోయేవి. 'వస్తున్నావని తెలిసిందిలే, తలుపు తీసే ఉంది' అని దాని అర్థం. తన నడక తనకి తెలిసింది అక్క వేళ్ళ మీదుగానే.

కంచం అలమారాలో పెడదామని తీసింది. ఒక అడుగు వేసింది. టక్. రెండో కాలు ఈడవబోయి, గాల్లోనే ఆపేసి, ఒంటి కాలి మీద నిలబడిపోయింది. తన ఇంట్లో తను నడవడానికి భయమేసింది.

*

మర్నాడు తలుపులు తీసే వేళకే వెళ్ళింది. రికార్డిస్టు ఒక్కడే ఉన్నాడు, మిషన్ మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"అన్నా, ఆ గైడ్ నడక, కోసింది కాదు, మొత్తం ఉంటుందిగా. అది పెట్టు."

"పిల్ల రానీ."

"పిల్ల రాకముందే పెట్టు."

ఆయన ఆమె మొహం చూసి వెతికాడు. పేరు లేదు. పేరుండాల్సిన చోట తేదీ ఉంది, అక్క పోయిన రోజుది. ఆ తేదీ చూసి ఆయన మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

"వద్దులే చెల్లెమ్మా."

"పెట్టన్నా."

ఏ కొత్త చోటికి వెళ్ళినా ఆ గది మౌనం పట్టి తెచ్చుకోవడం అక్కచెల్లెళ్ళ అలవాటు. ప్రతి గదికీ ఒక మౌనం ఉంటుంది. బ్యాంకుది ఒకటి, బడిది ఒకటి. మాట్లాడకుండా ఒక నిమిషం పట్టి పెట్టుకుంటే ఎప్పుడో పనికొస్తుంది. ఆ రోజు ఆసుపత్రిలో అక్కే అడిగింది. ఈమె చిన్న రికార్డరు నొక్కి, కిటికీ గట్టు మీద పెట్టి, టీ తాగడానికి వెళ్ళింది. తర్వాత దాని సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆసుపత్రి సంచీలోనే ఉండిపోయి ఉంటుంది. ఆ సంచీ విప్పే ధైర్యం ఆమెకి ఇంతవరకూ రాలేదు. పిల్ల విప్పినట్టుంది.

ముందు మిషన్ మోత. దాని మీద తన గొంతే. "పెట్టానక్కా. ఇక నోరు మూసుకో."

"నా గురక పడుతుందేమో చూసుకో." దగ్గులాంటి నవ్వు.

రికార్డిస్టు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వెళ్ళు పిన్నీ, నేనున్నాగా." అక్క కూతురి గొంతు. తన అడుగులు, టక్ సర్ర్ టక్ సర్ర్, దూరమయ్యాయి. తలుపు. తర్వాత చాలాసేపు ఊపిరి, మిషన్, ఊపిరి. ఫోను మోగింది. కుర్చీ కిర్రుమంది. "హలో... ఆ, చెప్పండి సార్, లేదు లేదు, పర్లే..." తలుపు మూసుకుంది. సగం మాట లోపల, సగం మాట బయట.

అడుగులమ్మ కుర్చీ చేతులు పట్టుకుంది. ఇంకో కుర్చీ చప్పుడు కోసం వెతికింది. చీర చప్పుడు కోసం, ఇంకో ఊపిరి కోసం వెతికింది. చెవుల మీద బతికిన మనిషి. ఆ గదిలో ఎవరూ లేరు.

'నిద్రలోనే పోయింది పిన్నీ. చెయ్యి నా చేతిలోనే ఉంది.' పదకొండు నెలలుగా ఆమె రోజూ ఆ రెండు మాటల మీద తలపెట్టుకునే పడుకుంటోంది.

ఊపిరి పెద్దదైంది. గొంతులో ఏదో అడ్డుపడినట్టు, మాట రాబోయి రానట్టు. తర్వాత మంచం ఇనప కమ్మీ మీద గోరు.

టక్ సర్ర్ టక్ సర్ర్. ఎనిమిది అడుగులు. ఆగింది. మళ్ళీ ఎనిమిది, కొంచెం నెమ్మదిగా. బయట నవ్వు వినిపించింది, ఎక్కడో అవతలి గట్టునుంచి వచ్చినట్టు. మూడోసారి మొదలైంది. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగు పూర్తి కాలేదు. మడమ పడింది. ముందుపాదం పడలేదు.

సినిమాలో హంతకుడు తలుపు దగ్గర ఆగేది అక్కడే.

మిషన్ మోత ఒక్కటే మిగిలింది. ఎంతసేపో. తర్వాత తలుపు. "అమ్మా?" అన్న మాట. ఇంకోసారి "అమ్మా?" రికార్డిస్టు ఆపేశాడు.

వెనక ఏదో చప్పుడైంది. గుమ్మంలో అక్క కూతురు, రెండు చేతుల్లో రెండు టీ కప్పులు. ఒక కప్పు వాలిపోయి టీ చెయ్యి మీద పడుతోంది. ఆ పిల్లకి తెలియడం లేదు.

"ఎన్నిసార్లు విన్నావు?" అంది అడుగులమ్మ.

"లెక్కలేదు."

"చెయ్యి పట్టుకునే ఉన్నానన్నావు."

"అన్నాను." కప్పులు కింద పెట్టి అక్కడే కూలబడింది. "నాలుగు నిమిషాలు పిన్నీ. లోపల మాట్లాడితే అమ్మ లేస్తుందని బయటికెళ్ళా. నాలుగే. నీకెలా చెప్పను? నువ్వసలే ఊపిరాడనట్టు ఉన్నావు. ఆ మాట అనేశా. అన్నాక ఇంక వెనక్కి తీసుకోలేకపోయా."

"సినిమాలో ఎందుకు పెట్టావే?" అంది అడుగులమ్మ. "పోయిన మనిషి వేళ్ళు! ఎవడో టిక్కెట్టు కొనుక్కుని చూసే సినిమాలో హంతకుణ్ణి చేసి నడిపిస్తావా నా అక్కని?"

"చెరిపెయ్యలేకపోయా. ఉన్నదున్నట్టు వినలేకపోయా. సాగదీసి, లావు చేసి, చీకట్లో పెట్టాక వినగలిగా పిన్నీ. ఎవడో నడుస్తున్నాడు, ఎవడో దుర్మార్గుడు, అంతే, అనుకుంటే వినగలిగా." మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. "నన్ను పిలిచింది. కమ్మీ మీద కొట్టి కొట్టి పిలిచింది. నేను తలుపవతల నవ్వుతున్నా."

అడుగులమ్మకి చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. ఆ చెయ్యి ఏం చెయ్యాలో తెలియక గాలిలో కాసేపుండి కిందికి దిగింది. లేచి, అద్దం పక్క తలుపు తోసుకుని అడుగుల గదిలోకి వెళ్ళింది. చెప్పులు వదిలేసింది. చెక్క పలక మీద వట్టి కాళ్ళతో, ఎవరి కోసమూ కాకుండా, తన మానాన తను నడిచింది.

రికార్డిస్టు చెయ్యి అలవాటు కొద్దీ మైకు తెరిచింది. అవతలి గదిలో స్పీకర్లు నిండా ఆ నడక.

అక్క కూతురు తలెత్తింది. రోజూ ఇంట్లో వినేదే. రోజూ వినేది చెవికి ఆనదు. ఒక్కో అడుగుకీ ఆ పిల్ల మొహంలో రంగు మారుతోంది.

"నిన్ను కాదే పిలిచింది," అంది అడుగులమ్మ మైకు ముందు నిలబడి. "నీకు ఆ ఆట తెలీదు, ఆ వేళకి నువ్వు ఇంట్లో ఉండేదానివి కాదు. అది నేను మెట్లెక్కి వచ్చేటప్పుడు వాయించేది. నన్ను. నేనప్పుడు రోడ్డవతల టీ కొట్టు దగ్గరున్నా. చక్కెర తక్కువేశాడని వాడితో తగువు పడుతున్నా."

"పిన్నీ..." అన్నట్టు అద్దం అవతల పెదవులు కదిలాయి.

"పిలిచిందో, వస్తున్నాననుకుందో. 'వస్తున్నావని తెలిసిందిలే' అనే అని ఉంటుంది." ఆ మాట నమ్ముతోందో లేదో ఆమెకే తెలియలేదు. "నీ బరువు కాదది. దించు."

అద్దం అవతల పిల్ల ఏడుస్తోంది. మైకు ఇటు పక్కనే ఉంది కాబట్టి ఆ ఏడుపుకి చప్పుడు లేదు. నోరు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. అడుగులమ్మ చూస్తూ నిలబడింది. నిద్రలోనే పోయిందన్న మాట ఇక ఏ రాత్రికీ పనికిరాదని అప్పుడే తెలిసింది ఆమెకి. కాళ్ళ కింద పలక చల్లగా ఉంది.

*

"ఆ గైడ్ తీసెయ్యండి," అంది మూడో రోజు దర్శకుడితో. "అది సినిమాది కాదు, మా ఇంటిది. పొరపాటున వచ్చింది. బదులు నేనిస్తాను. ఒక్కసారే వేస్తా."

దర్శకుడు అక్క కూతురి వైపు చూశాడు. ఆమె అప్పటికే తీసేసింది.

"ఏ బూట్లమ్మా?"

"వట్టి కాళ్ళు."

"హంతకుడు వట్టి కాళ్ళతోనా?"

"ముందు విను నాయనా. విన్నాక తిట్టు."

దీపాలు ఆరాయి. పదకొండు సెకన్ల నలుపు. తర్వాత తలుపు కింద వెలుగు గీత. మొన్న అది ఆమెకి పని. ఇవాళ చూస్తుంటే వేరేగా కనబడింది. ఇలా కింద నుంచి, కదలని చూపుతో తలుపు సందు వైపు చూసేది భయపడేవాళ్ళొక్కరే కాదు. లేవలేనివాళ్ళు కూడా ఇలాగే చూస్తారు. ఎవరొస్తారా అని.

నడిచింది. టక్. సర్ర్. గ్లాసులో నీళ్ళు వణికాయి. అద్దం అవతల దర్శకుడు కూర్చున్నవాడు నెమ్మదిగా లేచాడు, చేతి మీద రోమాలు తడుముకుంటూ. వెలుగు గీత రెండు చోట్ల తెగింది. ఇక్కడ ఆగాలి. పలక మీద సుద్దతో గీత గీసి ఉంది. దర్శకుడు బొటనవేలు పైకెత్తాడు.

ఆమె ఆగలేదు.

తెర మీద సినిమా పేరు పడింది, ఆరిపోయింది. మడమ వేసిన చోట ముందుపాదం ఆనించింది. చెక్క దాటింది, బండ గడి దాటింది, చీకట్లో అక్క బల్ల దాకా టక్ సర్ర్‌మంటూ వెళ్ళి, దుప్పటి మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. రికార్డిస్టు ఆపలేదు. ఎవరూ దీపం వెయ్యలేదు.

"అద్భుతంగా ఉందమ్మా," అన్నాడు దర్శకుడు చివరికి. "కానీ తలుపు దగ్గర ఆగాలి కదా?"

"నీకు తలుపు దాకా చాలు నాయనా," అంది ఆమె వెనక్కి తిరక్కుండా. "అక్కడికి కత్తిరించుకో."

దుప్పటి లాగింది. పదకొండు నెలల దుమ్ము లేచింది. చీకట్లో తడుముతుంటే ముందు చేతికి తగిలింది ఒక గొళ్ళెం.